ఆవకాయ జాడీ మీద దర్భ

ఆ శనివారం పొద్దుటి నుంచి శర్వాణితో "మేం చూడలేదండీ" అన్నవాళ్ళలో జోజమ్మ ఏడో మనిషి. మొదటి ఆరుగురూ కనీసం ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్ళు చికిలించి, కాసేపు ఆలోచించినట్టు నటించి చెప్పారు. జోజమ్మ ఆ మర్యాద కూడా చేయలేదు. ఫోటో వంక చూడకుండానే చెప్పేసింది.

"ఒక్కసారి చూసి చెప్పండి జోజమ్మగారూ. పసుపుపచ్చ చుడీదారు అమ్మాయి. పోయిన శనివారం పదకొండున్నరకి మీ పక్కింటి అరుగు మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. ఆ అరుగుకీ మీ గుమ్మానికీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు."

"శనివారం బట్టలు ఉతుక్కుంటానమ్మా. పెరట్లో ఉంటా. వీధిలో ఎవరు పోతే నాకెందుకు?"

"పధ్నాలుగు మంది మెడలో కెమెరాలేసుకుని, తలుపులకీ కిటికీలకీ ఫోటోలు తీసుకుంటూ పోయారు. మీ వీధి వీధంతా బయటికొచ్చి చూసిందట."

"నేను రాలేదు" అంది జోజమ్మ, అక్కడితో మాట అయిపోయినట్టు.

శర్వాణికి ఒళ్ళు మండింది. మండినా పైకి నవ్వాలి. ప్రైవేటు డిటెక్టివు బతుకులో సగం ఈ నవ్వుకే పోతుంది. పోలీసువాళ్ళయితే లాఠీ టేబుల్ మీద పెట్టి అడుగుతారు. తనకు ఉన్నదల్లా ఒక హ్యాండుబ్యాగు, ఒక విజిటింగు కార్డు, పొద్దున్న విజయవాడ బస్సులో కిటికీ పక్క సీటు దొరక్క వచ్చిన నడుం నొప్పి.

విజయవాడలో వారాంతపు నడక అని ఒక బృందం ఉంది. నెలకో శనివారం తమకెవరికీ తెలియని ఊళ్ళో తెలియని పేట ఒకటి ఎంచుకుంటారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఆ సందులన్నీ కలియతిరిగి, అక్కడి టిఫిను తిని, పాత తలుపుల ముందు ఫోటోలు దిగి, చీకటి పడకుండా ఇల్లు చేరతారు. సెలవు రోజున హాయిగా పడుకోక ఇదేం సరదానో శర్వాణికి అర్థం కాలేదు. బృందాన్ని నడిపే పవనకుమార్‌ని అడిగితే, "కొత్త పేటలో దారి తప్పడంలో ఉన్న ఆనందమే వేరండీ" అన్నాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. ఎందుకంటే పోయిన శనివారం తిరువూరులో నిజంగానే ఒకరు తప్పిపోయారు. పధ్నాలుగు మంది వెళ్ళారు, పదమూడు మందే తిరిగొచ్చారు. రాని మనిషి హరిచందన.

ఆమె మామూలు అమ్మాయి అయి ఉంటే వేరు సంగతి. ఎల్లుండి సోమవారం విజయవాడ కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాలి. ఎండాకాలంలో ఒక కాంట్రాక్టరు కొడుకు తాగి కారు నడిపి, రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు అమ్ముకునే శౌరయ్య అనే అతన్ని గుద్ది చంపేశాడు. ఇప్పుడేమో నడిపింది నేను కాదు, మా డ్రైవరు అంటున్నాడు. డ్రైవరు కూడా అవునంటున్నాడు. స్టీరింగు ముందు నుంచి దిగి పారిపోయింది ఆ కుర్రాడేనని కళ్ళారా చూసి, చూశానని చెప్పే ధైర్యం ఉన్న మనిషి ఈ హరిచందన ఒక్కతే. సోమవారం ఆమె బోనెక్కకపోతే కేసు గాలికి కొట్టుకుపోతుంది. ఆమెను ఎత్తుకుపోయే అవసరం ఎవరికుందో చెప్పడానికి డిటెక్టివు అక్కర్లేదు. ఎక్కడ దాచారో, అసలు ప్రాణాలతో ఉంచారో లేదో కనుక్కోవడానికే డిటెక్టివు కావాలి.

ఆ పని శర్వాణికి అప్పజెప్పింది అమ్మాయి తండ్రి రామమూర్తి. సత్యనారాయణపురంలో ఒక గుడి పూజారి. ఆయన పిలిస్తే శర్వాణి వెళ్ళింది సోమవారం పొద్దున, చంద్రగ్రహణం మర్నాడు. వెళ్ళేసరికి ఆయన వంటింట్లో నిలబడి మంచినీళ్ళ బిందె మీదవీ, పెరుగు గిన్నె మీదవీ గ్రహణానికి వేసిన దర్భలు ఏరి పారేస్తున్నాడు. మూడేసి పోచలు, పసుపు దారంతో చుట్టి కట్టినవి. శర్వాణి వాటి వంక చూడటం చూసి, "మా నాన్నగారి నాటి అలవాటమ్మా. విడిగా వేస్తే ఫ్యాను గాలికి ఎగిరిపోతాయి" అన్నాడు. కూతురు కనబడక రెండ్రోజులైనా ఆచారం తప్పలేదు పాపం అని శర్వాణి జాలిపడింది.

ఆ జాలి తరువాత కాస్త తగ్గింది. హైదరాబాదులో మా అమ్మాయికి ఒక స్నేహితురాలుంది, అక్కడ వెతకమ్మా అన్నాడాయన. తిరువూరు వెళ్ళొస్తానంటే, అక్కడ పోలీసులు చూశారు కదమ్మా, మళ్ళీ మీకెందుకు శ్రమ అన్నాడు. నాలుగు రోజులు హైదరాబాదులో కాళ్ళరిగేలా తిరిగింది. స్నేహితురాలి చిరునామాలో పళ్ళ డాక్టరు ఉన్నాడు. పన్ను పీకించుకోకుండా బయటపడటమే ఆ ప్రయాణంలో మిగిలిన లాభం. అందుకే ఆయనకు చెప్పకుండా, ఎవరి సలహా అడక్కుండా, ఈ శనివారం ఆ బృందం ఎక్కిన బస్సే ఎక్కి, వాళ్ళు నడిచిన దారే నడిచి వచ్చింది. పవనకుమార్ పంపిన రెండొందల ఫోటోల్లో హరిచందన కనిపించే చివరి ఫోటో ఈ అరుగు మీద తీసింది. తరువాతది టిఫిను హోటలు ముందు తీసిన గ్రూపు ఫోటో. దాన్లో ఆమె లేదు.

"ఈ ఇల్లెవరిది?" అని అడిగింది.

"హైదరాబాదులో ఉంటారమ్మా. ఎండాకాలం వచ్చి ఆవకాయ పెట్టుకుని తాళమేసి పోయారు. తాళంచెవి నా దగ్గరే ఉంచుతారు. వాకిలి ఊడుస్తా. లోపలికి మాత్రం పోను."

"అప్పట్నుంచి ఎవరూ తెరవలేదా?"

"ఎవరూ తెరవలా."

జోజమ్మ గుమ్మంలోంచి లోపలి గోడ కనిపిస్తోంది. తెల్లచొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఫోటో. దాని కింద కరిగిపోయిన కొవ్వొత్తి, ప్లాస్టిక్ గులాబీలు.

"మీ ఆయనా?"

"కాదు. మా ఆయన ప్రభుదాసు రెడ్డిగూడెంలో మామిడితోటకి కాపలా ఉంటాడు. ఆయన మా తమ్ముడు."

"ఏం చేస్తుంటాడు?"

"ఏం చెయ్యడు. పోయాడు."

"అయ్యో" అంది శర్వాణి. అని, వెంటనే తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. "ఆ ఇల్లు ఒకసారి చూడొచ్చా?"

జోజమ్మ గోడ మేకుకున్న తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. శర్వాణి అనుమానం రెట్టింపైంది. అడగ్గానే ఇచ్చిన తాళంచెవిని ఆమె ఎప్పుడూ నమ్మదు. ఇంత తేలిగ్గా ఇచ్చారంటే లోపల ఏమీ లేకపోవాలి, లేదా ఉన్నదంతా తీసేసి ఉండాలి.

పాత ఇత్తడి తాళం. చెవి దూరింది గానీ తిరగదు. కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది, గుమ్మాన్ని ఒక తన్ను తన్నింది.

"తాళం తియ్యడం కూడా నేనే నేర్పాలా?"

వెనక్కి తిరక్కుండానే ఆ గొంతు గుర్తుపట్టింది. గురుచరణ్. ఇద్దరూ ఒకప్పుడు విజయవాడలో ఒకే ఏజెన్సీలో పనిచేశారు. ఒక నగల దుకాణం దొంగతనాన్ని శర్వాణి నెల్లాళ్ళు నిద్ర మానుకుని ఛేదిస్తే, మర్నాడు పేపర్లో గురుచరణ్ ఫోటో పడింది. అడిగితే, "రిపోర్టరు నన్నే అడిగాడు, నేనేం చేసేది?" అన్నాడు. ఆ వారమే ఆమె ఆ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు అతనికి సొంత ఏజెన్సీ, నల్ల కారు, ఏసీ ఆఫీసు. ఆమెకు బస్సు టికెట్టు.

"నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"నువ్వొచ్చినందుకే. పవనకుమార్ బృందం నన్ను పెట్టుకుంది. వాళ్ళతో వచ్చిన పిల్ల మాయమైందంటే వాళ్ళకి చెడ్డపేరు కదా. ఇది కిడ్నాపు కాదు, పిల్ల తనంతట తానే పోయిందని నేను రిపోర్టిస్తే సరిపోతుంది. ఇటివ్వు." చెయ్యి చాపి తాళంచెవి తీసుకుని, కాస్త పైకెత్తి తిప్పాడు. తాళం ఊడి వచ్చింది. దానికే అన్నిటికంటే ఎక్కువ మండింది శర్వాణికి.

"తనంతట తనే పోయిందని ఎవరన్నారు?"

"ఆ సాయంత్రం ఖమ్మం బస్సులో పసుపు చుడీదారు పిల్ల ఎక్కిందని కండక్టరు చెప్పాడు. అక్కణ్ణుంచి హైదరాబాదు. నువ్వు నాలుగు రోజులు తిరిగింది అక్కడే కదా?"

"అది నీకెలా తెలుసు?"

"ఈ లైన్లో ఎవరెక్కడ తిరుగుతున్నారో తెలీకపోతే ఎలా?" అని లోపలికి నడిచాడు.

ముందుగదిలో దుమ్ము. కుర్చీల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి, దుప్పట్ల మీద కూడా దుమ్మే. నేల మీద వేలితో గీస్తే గీత పడుతోంది. గురుచరణ్ తన బూట్ల గుర్తులు తానే చూపించి, "చూడు, మన అడుగులు తప్ప ఇంకేం లేవు. పద, కాఫీ తాగుదాం" అన్నాడు.

శర్వాణి పెరటి గుమ్మం పక్కనున్న వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ వేలితో గీసింది. గీత పడలేదు.

"ఇక్కడ దుమ్ము లేదు."

"పక్కింటావిడ ఊడ్చి ఉంటుంది."

"లోపలికి అడుగే పెట్టనంది."

"పనివాళ్ళు అన్నీ చెప్తారా? ఈ కుళాయి వాడుకుంటూ ఉంటుంది. దొంగతనంగా నీళ్ళు పట్టుకోవడానికి వచ్చి, పోతూ పోతూ ఊడ్చి పోతుంది."

శర్వాణి కుళాయి తిప్పింది. మూతపడిన ఇంట్లో కుళాయి మొదట తుమ్ముతుంది, తరువాత తుప్పు నీళ్ళు కక్కుతుంది. ఇది తిప్పగానే తెల్లగా ధార కట్టింది. ఆమె అతని వంక చూసింది. అతను భుజాలెగరేసి, "నేను చెప్పిందదే కదా" అన్నాడు. నిజమే. దుమ్ము, కుళాయి, రెండూ అతని మాటకు కూడా సరిపోతాయి. దొరికిన ఆధారమల్లా రెండువైపులా పలికితే ఏం చెయ్యాలి?

స్టవ్వు కింద చూసింది. తూము మూత ఎత్తి చూసింది. ఒక మెతుకు లేదు, ఒక వెంట్రుక లేదు. గుమ్మానికి చేరబడి గురుచరణ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"శర్వాణీ, నీకో మాట చెప్పనా? నువ్వు కష్టపడతావ్. కాదన్ను. కానీ కష్టపడితే వచ్చే ఉద్యోగం కాదిది. నీ చేతికెప్పుడూ గడ్డిపరకలే దొరుకుతాయి."

సమాధానం చెప్పడానికి నోరు తెరిచి, తెరిచిన నోరు అలాగే ఉంచేసింది. పైన, అటక కింది బల్ల మీద, గుడ్డతో వాసెన కట్టిన పెద్ద జాడీ ఉంది. ఎండాకాలం ఇంటివాళ్ళు పెట్టుకుని, తీసుకెళ్ళలేక వదిలేసిన ఆవకాయ అయి ఉంటుంది. ఆ గుడ్డ మీద ఏదో ఉంది. గట్టెక్కి, మునివేళ్ళ మీద లేచి అందుకుంది.

మూడు దర్భపోచలు. పసుపు దారంతో కట్టినవి.

చేతిలో పెట్టుకుని కాసేపు వాటినే చూసింది. వారం నుంచి మొదటిసారి సంతోషంగా ఉంది.

"ఏంటది?" అన్నాడు గురుచరణ్.

"గడ్డిపరక."

"ఊఁ?"

"దర్భ. పోయిన ఆదివారం రాత్రి చంద్రగ్రహణం. గ్రహణం పట్టే ముందు నీళ్ళ మీద, పెరుగు మీద, పచ్చళ్ళ మీద దర్భ వేస్తారు. మీ ఇంట్లో వెయ్యరా?"

"మా అమ్మ వేసేది. అయితే?"

"అయితేనా? ఇంటివాళ్ళు ఎండాకాలంలో వెళ్ళిపోయారు. ఇది ఎండిందిగానీ మొదళ్ళలో ఇంకా పచ్చదనం ఉంది. వాళ్ళు వేసింది కాదు. జోజమ్మ ఇంట్లో ఈ ఆచారమే లేదు. మరెవరు వేశారు?" గట్టు దిగి అతని ముఖం ముందు దర్భ ఆడించింది. ఇన్నాళ్ళ కసి ఆ చేతిలో ఉంది. "నీ కండక్టరు శనివారం సాయంత్రం ఖమ్మం బస్సెక్కించాడే, ఆ అమ్మాయి ఆదివారం గ్రహణం టైముకి ఈ వంటింట్లో ఉంది. ప్రాణాలతో ఉంది. చేతులు కట్టి పడేసిన మనిషి గట్టెక్కి ఆవకాయ మీద దర్భ వెయ్యదు. స్వేచ్ఛగా తిరుగుతూ ఉంది."

"పూజా సామాన్ల కొట్లో దొరుకుతాయి దర్భలు. ఎవరైనా వేసి ఉండొచ్చు."

"ఈ పసుపు దారం కొట్లో దొరకదు. మూడు పోచలు కలిపి పసుపు దారంతో కట్టడం రామమూర్తిగారి ఇంటి అలవాటు. సోమవారం వాళ్ళ మంచినీళ్ళ బిందె మీద నా కళ్ళతో చూశాను. వాళ్ళ నాన్నగారి నాటి నుంచి ఉందట. ఇది ఆయన చేత్తో కట్టింది, గురుచరణ్! ఇప్పుడు చెప్పు, ఎవరి చేతికి ఏం దొరికాయి?"

గురుచరణ్ ఫోన్ జేబులో పెట్టాడు. "ఇలా ఇవ్వు, చూస్తా" అన్నాడు. దర్భను అరచేతిలో వేసుకుని, దారాన్ని వేలితో తడిమాడు.

"అంటే తండ్రే ఇచ్చి పంపాడన్నమాట" అన్నాడు మెల్లగా.

"అవును" అంది శర్వాణి, ఇంకా గెలిచిన ఊపులోనే.

"జోజమ్మ ఇంట్లో గోడ మీద ఫోటో ఉంది చూడు, ఆయన పేరేంటి?"

"నాకేం తెలుసు? ఎందుకు?"

"ఊరికే." అతను నవ్వాడు. ఎప్పుడూ నవ్వే వెటకారపు నవ్వు కాదు. "ఈసారి నువ్వే గెలిచావు శర్వాణీ. ఒప్పుకుంటున్నా. కాఫీ చెప్పి వస్తా, ఉండు." వెళ్ళిపోయాడు.

శర్వాణి వంటింటి గట్టు మీద కూర్చుంది. గెలుపు ఇంత రుచిగా ఉంటుందని మరిచిపోయి చాలా రోజులైంది. ఆ పిల్ల మీద కూడా ముద్దొచ్చింది. ప్రాణాల మీదికి వచ్చి పరాయి ఇంట్లో దాక్కున్న మనిషి, ఎవరో ముఖం తెలియని వాళ్ళ ఆవకాయ గ్రహణానికి పాడవుతుందేమోనని దర్భ వేసింది. పెంపకం అంటే అదే మరి.

అప్పుడు కొట్టింది దెబ్బ.

సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి, మర్నాటి రాత్రి గ్రహణానికి వేసే దర్భలు సంచిలో ఎందుకు పెట్టుకుంటుంది? కొత్త పేట చూసి, టిఫిను తిని వచ్చేదానికి దర్భలెందుకు? తిరిగి రానని తెలిసిన మనిషే పెట్టుకుంటుంది. తిరిగి రాదని తెలిసిన తండ్రే కట్టి ఇస్తాడు. గురుచరణ్ "తండ్రే ఇచ్చి పంపాడు" అన్నది ఈ సంగతే. ఆధారం ఆమె పట్టుకుంది, అర్థం అతను పట్టుకున్నాడు.

ఫోన్ తీసి రామమూర్తికి చేసింది.

"పంతులుగారూ, మీ అమ్మాయి సంచిలో దర్భలు కట్టి పెట్టింది మీరేనా?"

ఆయన నెమ్మదిగా, "మీరిప్పుడు ఎక్కడున్నారమ్మా?" అన్నాడు.

"తిరువూరులో. మీరు వెళ్ళొద్దన్న చోట. నన్ను నాలుగు రోజులు హైదరాబాదులో పిచ్చిదాన్లా తిప్పారు. పళ్ళ డాక్టరు చిరునామా ఇచ్చి పంపారు. ఎందుకండీ ఈ నాటకం? నన్ను పెట్టుకోవడం ఎందుకు, నాకే అబద్ధం చెప్పడం ఎందుకు?"

"తప్పే అమ్మా. తిట్టండి, పడతాను." అన్నాడాయన. "ఆ కాంట్రాక్టరు మనుషులు రెండు నెలల నుంచి మా ఇంటి ముందే ఉంటున్నారు. అమ్మాయి ఎక్కడికెళ్ళినా వెనకే వస్తున్నారు. పదిమందితో కలిసి సరదా ప్రయాణంలా వెళ్తేనే అనుమానం రాదని అదే చెప్పింది. నేను కూర్చుని ఏడవకపోతే, డిటెక్టివుని పెట్టి వెతికించకపోతే వాళ్ళు నమ్మరు. ఆడపిల్ల తప్పిపోతే తండ్రి చేసేవన్నీ చెయ్యాలి కదమ్మా. మీరు హైదరాబాదు వెళ్తే వాళ్ళూ మీ వెనక హైదరాబాదు వస్తారనుకున్నాను."

"ఈ ఊళ్ళో మీకెవరున్నారు?"

"నాకెవరూ లేరు. జోజమ్మ ఉంది. ఆ కారు గుద్ది పోయిన శౌరయ్య ఆవిడ తమ్ముడు. 'నా తమ్ముడి కోసం నోరు విప్పే పిల్ల, నా కడుపులో పెట్టుకుంటా పంతులుగారూ' అని ఆవిడే ఫోన్ చేసింది."

శర్వాణి కళ్ళు మూసుకుంది. తెల్లచొక్కా, కరిగిన కొవ్వొత్తి, ప్లాస్టిక్ గులాబీలు. ఈ కేసులో అందరి ఫోటోలూ చూసింది. కాంట్రాక్టరువి, కొడుకువి, డ్రైవరువి, బస్సెక్కిన పధ్నాలుగు మందివీ. చచ్చిపోయిన మనిషి ముఖం చూడాలని మాత్రం ఒక్కసారైనా తోచలేదు. అయ్యో అని, తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

"అమ్మా" అన్నాడు రామమూర్తి. "ఈ దర్భ సంగతి మీరెవరితోనూ అనలేదు కదా?"

"మళ్ళీ చేస్తాను" అని పెట్టేసి, పవనకుమార్ నంబరు నొక్కింది.

"గురుచరణ్ ఎవరండీ?" అన్నాడు పవనకుమార్. "మేం డిటెక్టివుని పెట్టుకోవడమేంటి, భలేవారే! మాకంత స్తోమత ఎక్కడిది? కాకపోతే ఈ వారంలోనే ఎవరో ఫోన్ చేసి ఫోటోలన్నీ అడిగారు. మీ ఆఫీసు నుంచే అనుకుని పంపాను."

నల్ల కారు. ఏసీ ఆఫీసు. హైదరాబాదులో ఆమె నాలుగు రోజులు తిరిగిందని తెలిసిన మనిషి. రామమూర్తి ఎవరు రావాలనుకున్నాడో వాళ్ళే వచ్చారు. ఆమె వెనక హైదరాబాదూ వచ్చారు, తిరువూరూ వచ్చారు. తన ఓటమి ఏనాడూ ఒప్పుకోని మనిషి "నువ్వే గెలిచావు" అన్నప్పుడే తనకు అర్థం కావలసింది. పొగిడితే కరిగిపోయింది, వెధవ బుద్ధి!

దర్భ కోసం గట్టు మీద చూసింది. లేదు. కింద చూసింది. జాడీ మీద చూసింది. అతని అరచేతిలో వేసింది తనే. తిరిగి తీసుకున్న గుర్తు లేదు.

పెరటి దారిన పరుగెత్తింది. జోజమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. పొద్దుటి బిగదీసిన ముఖం కాదు. ఏదో బరువు దిగినట్టు తేటగా ఉంది.

"ముందే చెప్పొచ్చు గదమ్మా, మీరు పంతులుగారి మనుషులని!" అంది నిష్ఠూరంగా. "ఎంత బెదిరిపోయానో. బుధవారం ఎవడో కొత్తోడు వీధిలో ఆరా తీస్తన్నాడని ఆ రోజే పిల్లని ఇక్కణ్ణుంచి మార్చేశాం. ఇల్లంతా నేనే కడిగా. పక్కా, పళ్ళేలూ అన్నీ తీసేశా. ఆ జాడీ మీద గడ్డి ఒక్కటే ముట్టుకోబుద్ధి కాలేదు. 'వాళ్ళ పచ్చడి పాడైపోద్ది జోజమ్మగారూ' అని ఆ పిల్ల పెట్టింది. మీ దేవుడి గడ్డి గదా, నేను తీస్తే ఏం దోషమోనని వదిలేశా."

"జోజమ్మగారూ, నాతో వచ్చిన ఆయన ఎక్కడ?"

"పోయాడుగా. మీరు ఫోన్‌లో మాట్లాడతన్నప్పుడే కారెక్కాడు. సోమవారం కోర్టుకి జాగ్రత్తగా తీసుకుపోవాలంటగా, పంతులుగారు పంపారంట."

"ఆయన చెప్తే మీరు నమ్మేశారా?"

జోజమ్మ ముఖంలో తేటదనం మెల్లగా తగ్గింది. "ఊరికే నమ్ముతానా? పొద్దున్న మీకు చెప్పానా? ఆయన గుర్తు తెచ్చాడమ్మా. పంతులుగారి గడ్డి. పసుపు దారం కట్టింది. ఆ పిల్ల సంచిలో చూశా నేను, అచ్చం అదే." ఆగింది. శర్వాణి ముఖం చూసి గుమ్మం పట్టుకుంది. "ఏంటమ్మా? ఆయన మీ మనిషి కాదా?"

"ఎక్కడుందని చెప్పారు?"

"ఎక్కడేంటి, మా ఆయన దగ్గర. రెడ్డిగూడెం తోటలో. ఎ.కొండూరు మీదుగా పోతే దగ్గరని దారి కూడా చెప్పా."

శర్వాణి అప్పటికే చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది. ఆటో ఏదైనా కనిపిస్తుందేమోనని రెండువైపులా చూసింది. మధ్యాహ్నం ఎండకి వీధి నిర్మానుష్యంగా ఉంది. పొద్దుటి నుంచి ఇదే వీధిలో దారి తెలియక తిరిగి తిరిగి విసిగిపోయింది. ఇప్పుడు దారి తెలుసు, వెళ్ళడానికి బండి లేదు. అతనికి రెండూ ఉన్నాయి. రెండోది అతను కొనుక్కున్నాడు, మొదటిది ఆమె ఇచ్చింది.

"ప్రభుదాసుగారికి ఫోన్ చెయ్యండి" అని అరిచింది. "ఇప్పుడే! ఎవరొచ్చినా ఆ అమ్మాయిని చూపించొద్దని చెప్పండి!"

జోజమ్మ కదల్లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తోటలో సిగ్నలుండదమ్మా" అంది. "అందుకే గదా అక్కడ పెట్టింది."